పీట్ నేల దాచిన బతుకులు

(పట్టణ గ్రంథాలయంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పనులు మానుకుని వచ్చారు, చాలా సంతోషం. తెర మీద కొన్ని బొమ్మలు చూపిస్తాను. పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి ముందే చెబుతున్నాను, వాటిలో చనిపోయిన మనుషుల ముఖాలు ఉంటాయి. భయపెట్టే ముఖాలు కావు.

ఇదిగో, మొదటిది. 1950 మే 8. డెన్మార్క్‌లో సిల్క్‌బోర్గ్ పట్టణానికి దగ్గర్లో ఒక లోయ. టోలుండ్ అనే పల్లె నుంచి ఇద్దరు అన్నదమ్ములు పీట్ తవ్వుకోవడానికి వచ్చారు. పీట్ అంటే నాచు, గడ్డి నీళ్లలో పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లపాటు పేరుకుపోయి తయారైన నల్లటి మట్టి. దాన్ని ముక్కలుగా కోసి ఎండబెట్టి, కట్టెలకు బదులు పొయ్యిలో పెడతారు. అలా తవ్వుతుంటే రెండున్నర మీటర్ల లోతున ఒక మనిషి ముఖం బయటపడింది. కళ్లు మూసుకుని ఉన్నాయి. నుదుటి మీద ముడతలు, గడ్డం మీద మాసిన వెంట్రుకలు, నెత్తిన గొర్రెతోలు టోపీ. ఎవరినో ఈ మధ్యే చంపి ఇక్కడ పూడ్చేశారనుకుని వాళ్లు పోలీసులకు కబురు పెట్టారు. పోలీసులు మ్యూజియం వాళ్లను పిలిచారు. పురావస్తు ఆచార్యుడు పి.వి. గ్లోబ్ వచ్చి చూశాడు. పైన ఉన్న పీట్‌లో ఈ మధ్య తవ్వి పూడ్చిన ఆనవాలు ఎక్కడా లేదు. ఆయన చనిపోయింది క్రీ.పూ. 405–380 మధ్య అని ఇప్పుడు రేడియోకార్బన్ పరీక్షలు చెబుతున్నాయి. మన దగ్గర అప్పటికి మౌర్యులు ఇంకా రాలేదు.

ఆయన మెడలో తోలుతో అల్లిన ఉరితాడు ఉంది. దాన్ని చూడగానే అందరి మనసూ అటే పోతుంది. ఎవరు ఉరి వేశారు, ఎందుకు వేశారు అని. ఇవాళ నేను ఆ తాడు గురించి తక్కువ, ఆయన కడుపు గురించి ఎక్కువ మాట్లాడదామని వచ్చాను. తాడు చుట్టూ అల్లిన కథలు డెబ్బై ఏళ్లలో ఎన్నో మారాయి. కడుపులో ఉన్నది మాత్రం ఉన్నట్టే ఉంది, మనం చూసే కొద్దీ ఇంకా చెబుతోంది.

ముందు, ఇన్ని వేల ఏళ్లు చర్మం ఎలా నిలిచిందో చూద్దాం. మనలో చాలామంది హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూసే ఉంటారు. అది మనుషులు పనిగట్టుకుని, ఉప్పులూ జిగురులూ వాడి నిలబెట్టిన శరీరం. టోలుండ్ మనిషి విషయంలో ఎవరూ ఏమీ పూయలేదు. పనంతా నాచు చేసింది. దాని పేరు స్ఫాగ్నమ్. ఉత్తర యూరప్‌లో వానలు ఎక్కువ, ఎండ తక్కువ, నేల చల్లన. అలాంటి చోట ఈ నాచు పైపైకి పెరుగుతూ పోతుంది, అడుగున చచ్చిన నాచు పేరుకుంటూ పోతుంది. తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టుకుంటుంది. ఆ నీళ్లలోని కాల్షియం లాంటి ఖనిజాలను పీల్చుకుని బదులుగా ఆమ్లాన్ని వదులుతుంది. కాసేపటికే, అంటే ప్రకృతి లెక్కలో కాసేపటికే, ఆ నీళ్లు పుల్లగా మారిపోతాయి. లోపల గాలి ఆడదు. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ప్రాణవాయువు లేదు, వెచ్చదనం లేదు. పైగా ఈ నాచు చచ్చి కరిగేటప్పుడు స్ఫాగ్నాన్ అనే పదార్థం బయటికొస్తుంది. అది సూక్ష్మజీవులకు అందాల్సిన పోషకాలను కట్టిపడేస్తుంది, చర్మంలోని కొల్లాజెన్‌తో కలిసి దాన్ని గట్టిపరుస్తుంది. మన ఊళ్లలో పచ్చితోలును తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి ఊనేవాళ్లు కదా, దాదాపు అదే పని ఇక్కడ ఊబి తనంతట తాను చేసింది. అందుకే చర్మం నల్లగా తోలుబారింది, జుట్టు ఎర్రబడింది.

దీనికో వెల ఉంది. ఆమ్లం ఎముకలోని కాల్షియాన్ని కరిగించేస్తుంది. అందుకే కొన్ని శరీరాలు ఎముక కరిగిపోయి, నీళ్లు పోసిన సంచిలా అణిగిపోయి దొరికాయి. డీఎన్‌ఏ కూడా చాలావరకు పాడైపోతుంది. సున్నం ఎక్కువగా ఉన్న చిత్తడి నేలల్లో కథ తిరగబడుతుంది. అక్కడ ఎముకలు నిక్షేపంగా ఉంటాయి, మాంసం, చర్మం ఉండవు. బట్టల్లో కూడా ఇలాంటి తేడానే. ఆమ్లపు పీట్‌లో ఉన్ని బట్టలు నిలుస్తాయి, అవిసె నార బట్టలు మాయమవుతాయి. కాబట్టి ఒక మనిషి ఒంటి మీద బట్టలేమీ లేకుండా దొరికాడంటే నగ్నంగానే పూడ్చారని వెంటనే అనేయకూడదు. నార చొక్కా ఉండి కరిగిపోయి ఉండొచ్చు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇక కడుపు దగ్గరికి వద్దాం.

టోలుండ్ మనిషి పేగుల్లో ఉన్న పదార్థాన్ని 1950ల మొదట్లోనే పరీక్షించారు. బార్లీ, అవిసె గింజలు, కొన్ని కలుపు మొక్కల గింజలు కలిపి వండిన జావ అన్నారు. సిల్క్‌బోర్గ్ మ్యూజియం ఆ పదార్థంలో కొంత భాగాన్ని జాగ్రత్తగా దాచి ఉంచింది. 2021లో నీనా నీల్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్త, ఆమె సహచరులు దాన్ని మళ్లీ తీసి చూశారు. ఈసారి కేవలం గింజలు లెక్కపెట్టి ఊరుకోలేదు. పుప్పొడి చూశారు, మాంసకృత్తులు చూశారు, కొవ్వుల ఆనవాళ్లు చూశారు, పురుగుల గుడ్లు చూశారు.

గింజల్లో 85 శాతం బార్లీ. 9 శాతం పెర్సికేరియా అనే కలుపు మొక్క గింజలు. 5 శాతం అవిసె. మిగతా ఒక్క శాతంలో పదహారు రకాల మొక్కలు ఉన్నాయి. దీనితో పాటు చేప తిన్న ఆనవాలు దొరికింది, అది 1950లో ఎవరికీ కనిపించలేదు. చనిపోవడానికి 12 నుంచి 24 గంటల ముందు తిన్న భోజనం ఇది.

నన్ను బాగా పట్టుకున్న సంగతి మరొకటి ఉంది. ఆ పదార్థంలో మట్టికుండ అడుగున మాడిన జావ పెచ్చులు దొరికాయి. జావ అడుగంటింది. ఎవరో పొయ్యి మీద కుండ పెట్టారు, కలపడం కాస్త ఆలస్యమైంది, మాడు గరిటెకు ఊడి వచ్చింది, దాన్ని పారేయకుండా వడ్డించారు, ఆయన తిన్నాడు. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో ఒక ఇంట్లో ఒక పూట జరిగిన ఈ సంగతి ఏ శాసనంలోనూ ఉండదు, ఏ రాజూ చెక్కించడు. డెన్మార్క్‌లో ఆ కాలానికి రాత అన్నదే లేదు. ఇది మనదాకా వచ్చే దారి ఇదొక్కటే.

ఆ కలుపు గింజల గురించి కొంచెం ఆగి చెప్పాలి. పొలంలో బార్లీతో పాటు పెరిగిన కలుపు, కోతలో కలిసే వస్తుంది. కళ్లంలో నూర్చాక చెరిగి, జల్లించి వేరు చేస్తారు. అలా వేరు చేసిన చెత్తను, అంటే బార్లీ నుంచి తీసేసిన కలుపు గింజలు, ఇసుక, మసిబొగ్గు ముక్కలను తిరిగి జావలో కలిపినట్టు ఈ పరీక్షలో కనబడింది. చెరగడం సరిగా రాక కలిసిపోయింది కాదు, విడిగా దాచిన దాన్ని మళ్లీ వేశారు. ఎందుకు? రోజూ అలాగే తినేవాళ్లా, గింజలు తక్కువైన కాలమా, లేక బలి ఇవ్వబోయే మనిషికి పెట్టే ప్రత్యేకమైన వంటా? మూడోదానికి అవకాశం ఉందని ఆ పరిశోధకులే అన్నారు, కానీ తేల్చి చెప్పలేదు. ఇలాంటి ఆఖరి భోజనాలు ఇంకా ఎన్నో పరీక్షించి పోల్చి చూస్తే గానీ తేలదు అన్నారు. నాకు ఆ జాగ్రత్త నచ్చింది.

పురుగుల మాట కూడా చెబుతాను, ఇక్కడ డాక్టర్లు ఉన్నట్టున్నారు. ఆయన పేగుల్లో ఏలికపాముల గుడ్లు ఉన్నాయి, కొరడా పురుగు గుడ్లు ఉన్నాయి, బద్దెపురుగు గుడ్లు ఉన్నాయి. మొదటి రెండూ మలం కలిసిన నీటి వల్ల, చేతులు కడగకపోవడం వల్ల వచ్చేవి. బద్దెపురుగు పచ్చిమాంసం గానీ సరిగా ఉడకని మాంసం గానీ తింటే వస్తుంది. ఆ రోజు భోజనంలో మాంసం లేదు. అయినా అంతకుముందు ఎప్పుడో తిన్నాడని బద్దెపురుగు సాక్ష్యం చెబుతోంది. ముప్పై, నలభై ఏళ్ల మనిషి, కడుపులో మూడు రకాల పురుగులతో, పొలం పని చేసుకుంటూ తిరిగాడు. ఆ కాలపు ఆరోగ్యం గురించి మనకు ఇంతకంటే సూటిగా చెప్పేది ఏముంది?

ఐర్లాండ్‌లో 2003లో దొరికిన ఓల్డ్ క్రోగన్ మనిషి సంగతి వేరు. ఆయన ఆఖరి భోజనం ధాన్యం, మజ్జిగ. కానీ గోళ్లు మరో మాట చెప్పాయి. గోరు పెరుగుతూ పోతుంది కాబట్టి మొదలు నుంచి కొస దాకా కొన్ని నెలల తిండి అందులో నమోదై ఉంటుంది. గోళ్లలోని నైట్రోజన్ బట్టి చూస్తే చనిపోయే ముందు నాలుగు నెలలు ఆయన మాంసం బాగా తిన్నాడు. చేతులు చూడండి. గోళ్లు నున్నగా, చక్కగా కత్తిరించి ఉన్నాయి. మొరటు పని చేసిన చేతులు కావు. ఎత్తు ఆరున్నర అడుగులని అంచనా. చేతికి అల్లిన తోలు దండకడియం ఉంది. అదే ఏడాది దొరికిన క్లోనీకవన్ మనిషి జుట్టును పైకి దువ్వి, ఏదో జిగురు రాసి నిలబెట్టుకున్నాడు. ఆ జిగురు నూనెతో, దేవదారు జాతి చెట్టు బంకతో చేసింది. ఆ బంక వచ్చింది ఫ్రాన్స్ నైరుతి నుంచో, స్పెయిన్ ఉత్తరం నుంచో. క్రీ.పూ. నాలుగు, మూడు శతాబ్దాల మధ్య ఐర్లాండ్‌లో ఒక మనిషి తలకు రాసుకునే జిగురు సముద్రం దాటి వచ్చిందంటే, ఆ సరుకు తెచ్చిన పడవలు, వర్తకులు, ఇచ్చి పుచ్చుకునే లెక్కలు అన్నీ ఉన్నట్టే కదా.

బట్టల గురించి ఒక్క మనిషినే చూపిస్తాను. ఆమెది చాలు. డెన్మార్క్‌లోనే హుల్డ్రెమోసె అనే చోట 1879లో దొరికింది. కోపెన్‌హేగెన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. నలభై దాటిన మనిషి. క్రీ.పూ. రెండో శతాబ్దం. గళ్ల ఉన్ని పావడా, గళ్ల ఉన్ని కండువా, పైన రెండు తోలు పైపంచెలు. పీట్‌లో నాని అన్నీ గోధుమరంగుకు తిరిగాయి. వంద ఏళ్లు దాటిన తర్వాత రంగుల పరీక్ష చేస్తే తెలిసింది, పావడా నీలం, కండువా ఎరుపు. మ్యూజియం గాజు వెనక గోధుమరంగులో చూసి చూసి, ఇనుపయుగం అంటే మట్టిరంగు బట్టల కాలం అని మనం మనసులో ముద్రేసుకున్నాం. ఆమె నీలం పావడా కట్టుకుని, ఎర్ర కండువా వేసుకుని తిరిగిన మనిషి.

లోపలి పైపంచె బాగా పాతది. దానికి 22 అతుకులు ఉన్నాయి. అన్నీ చిరుగులు కప్పడానికి వేసినవి కావు. ఒకచోట అతుకు కింద ఒక చిన్న దువ్వెన, సన్నటి నీలం జడపట్టీ, ఒక తోలు తాడు కలిపి, జంతువు పొత్తి సంచిలో చుట్టి, కుట్టేసి ఉన్నాయి. కుట్టు విప్పితే తప్ప బయటికి రావు. అంటే వాడుకునే వస్తువులు కావు, తాయెత్తులాగా ఒంటి మీద ఉంచుకున్నవి అయ్యుండొచ్చు. ఎవరి జడపట్టీయో తెలియదు. తనదే కావచ్చు, కూతురిది కావచ్చు. 22 అతుకులు వేసి కుట్టుకున్న చేతిని మాత్రం ఇవాళ కూడా కుట్టు కుట్టుగా చూడొచ్చు.

సరే, ఇప్పుడు ఆ తాడు సంగతి. తప్పించుకోలేను, చెప్పాల్సిందే.

క్రీ.శ. 98లో టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు జర్మానిక్ తెగల గురించి రాస్తూ, పిరికివాళ్లను, ఒళ్లు చెడుచుకున్నవాళ్లను బురదలో తొక్కి పైన తడిక వేసి నొక్కేస్తారని రాశాడు. భర్తను మోసం చేసిన ఆడదాని జుట్టు కత్తిరించి, బట్టలూడదీసి, ఊరంతా తరుముతారని కూడా రాశాడు. ఆయన ఆ దేశానికి వెళ్లి చూసి రాసిన దాఖలా లేదు. అయినా పందొమ్మిది, ఇరవై శతాబ్దాల్లో పీట్ నేలలో శరీరం దొరికితే చాలు, టాసిటస్ పేజీ తెరిచేవాళ్లు.

1952లో జర్మనీ ఉత్తరాన విండెబీలో ఒక చిన్న వయసు శరీరం దొరికింది. తల ఒక పక్క జుట్టు పొట్టిగా ఉంది. కళ్ల మీద ఒక ఉన్ని పట్టీ. దగ్గర్లోనే మరో మగ శరీరం. ఇంకేముంది, కథ తయారైంది. పద్నాలుగేళ్ల అమ్మాయి, తప్పు చేసింది, జుట్టు గొరిగారు, కళ్లకు గంతలు కట్టి ముంచేశారు, పక్కవాడు ఆమె ప్రియుడు. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. జనం ఆమె కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఈ శతాబ్దం మొదట్లో హెదర్ గిల్-రాబిన్సన్ అనే పరిశోధకురాలు ఆ ఎముకలను మళ్లీ చూసింది. అది బహుశా అబ్బాయి. వయసు పదహారు దగ్గర. ఒంటి మీద దెబ్బ ఆనవాలు లేదు, ఎముకల్లో మాత్రం తిండి లేక, జబ్బు చేసి ఎదుగుదల ఆగిన గుర్తులు ఉన్నాయి. కళ్ల మీది పట్టీ తలకు కట్టుకున్నది, జారి కిందికి వచ్చింది. జుట్టు తేడా తవ్వేటప్పుడో, పీట్‌లో ఉన్నప్పుడో వచ్చి ఉండొచ్చు. పక్కనున్న మగ శరీరం తేదీ చూస్తే దానికంటే ఎన్నో తరాల పాతది, శతాబ్దాల తేడా ఉంది. అంటే ఆ పిల్లవాడు బహుశా జబ్బుతో పోయాడు, ఇంటివాళ్లు తెచ్చి పూడ్చుకున్నారు. ఒక పసివాడి చావుకు మనం యాభై ఏళ్లు రంకు అంటగట్టాం. ఈ సంగతి చదివిన రోజు నాకు చాలా బాధ వేసింది. చనిపోయినవాళ్లు నోరు తెరిచి కాదనలేరు. అందుకే వాళ్ల గురించి మాట్లాడేటప్పుడు బతికున్నవాళ్ల గురించి కంటే ఎక్కువ జాగ్రత్త పడాలి.

నెదర్లాండ్స్‌లో 1904లో దొరికిన వీర్డింగె జంట కూడా అంతే. ఒకరి భుజం మీద ఒకరు వాలి ఉన్నారు, మొగుడూ పెళ్లాం అన్నారు. తర్వాత చూస్తే ఇద్దరూ మగవాళ్లు.

ఇంగ్లాండ్‌లో లిండో మనిషి, 1984. తల మీద దెబ్బలు, మెడకు సన్నటి తాడు బిగింపు, గొంతు కోత. ఆయన కడుపులో బదనిక జాతి మొక్క పుప్పొడి రేణువులు దొరికాయి. ఆ మొక్క డ్రూయిడ్ పూజారులకు పవిత్రమని రోమన్లు రాశారు కాబట్టి ఇది డ్రూయిడ్ల బలి అన్నారు. ఎన్ని రేణువులు? నాలుగు. గాలికి కొట్టుకొచ్చి రొట్టె మీద పడటానికి నాలుగు రేణువులకు పెద్ద కష్టమేం కాదు. డెన్మార్క్‌లోని గ్రౌబాల్ మనిషి విషయంలోనూ ఇలాగే జరిగింది. ఆయన గొంతు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కోసి ఉంది. కడుపులో ఎర్గాట్ బూజు కనబడిందని, మత్తు కలిపిన జావ పెట్టి బలి ఇచ్చారని రాశారు. తర్వాత లెక్క చూస్తే మత్తెక్కించేంత బూజు అందులో లేదు.

అలాగని హింస లేదని నేను అనడం లేదు. ఉంది, చాలా ఉంది. 2023లో ఉత్తర యూరప్ పీట్ నేలల్లో దొరికిన అవశేషాలన్నిటినీ ఒకచోట చేర్చి ఒక అధ్యయనం వచ్చింది. 266 చోట్లు, వెయ్యికి పైగా మనుషులు. వాళ్లలో చావుకు కారణం చెప్పగలిగింది 57 మంది విషయంలోనే. ఆ 57లో కనీసం 45 మంది హింస వల్ల పోయారు. ఐర్లాండ్ జాతీయ మ్యూజియంలో పనిచేసిన ఈమన్ కెల్లీ అక్కడి శరీరాలు పాత తెగల సరిహద్దుల మీదే ఎక్కువగా దొరుకుతున్నాయని గమనించాడు. పంటలు పోయి, పశువులు చచ్చి, రాజు పనికిరాడని తేలితే అతన్ని చంపి, సరిహద్దున భూదేవికి అప్పగించేవాళ్లని ఆయన వాదన. ఓల్డ్ క్రోగన్ మనిషి మెత్తటి చేతులు, దండకడియం ఆ వాదనకు బలం ఇస్తాయి. బాగా ఆలోచించి చేసిన వాదన. అయినా వాదనే.

టోలుండ్ మనిషి విషయంలో నేను నమ్మేది చెబుతాను. ఉరి వేశాక ఎవరో ఆయన్ని కిందికి దించారు. కళ్లు మూశారు, నోరు మూశారు, పక్కకు తిప్పి మోకాళ్లు ముడిచి, పడుకున్నట్టుగా పెట్టారు. శిక్ష వేసి విసిరేసిన శవానికి ఇంత చెయ్యరు. దేవతలకు ఇచ్చారనే మాట నాకు ఇక్కడ సబబుగా తోస్తుంది. వంద మీటర్లు కూడా లేని దూరంలో 1938లో ఒక స్త్రీ దొరికింది, ఆమెనూ ఉరి వేశారు. పొడవాటి జుట్టును ఎంతో ఓపికగా అల్లిన జడ ఆమెది. ఇద్దరి మధ్య కాలం తేడా ఒకటి రెండు తరాలు కాదు, అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. చోటు మాత్రం ఒకటే.

బలులూ చావులూ లేని పీట్ నేలలు కూడా ఉన్నాయి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో విండోవర్ అనే చోట 1982లో రోడ్డు వేస్తూ ఒక కుంటను తవ్వారు. అడుగున 168 మంది. ఏడెనిమిది వేల ఏళ్ల కిందటి వాళ్లు. శవాన్ని నేసిన బట్టలో చుట్టి, కుంట అడుగున పెట్టి, పైకి తేలకుండా కర్ర మేకులు కొట్టి పూడ్చారు. అక్కడి నీళ్లు పుల్లన కావు కాబట్టి ఎముకలు నిలిచాయి. తొంభై మంది పుర్రెల్లో మెదడు కూడా కుంచించుకుపోయి నిలిచింది. వాళ్లలో ఒక పిల్లవాడు, పదిహేనేళ్ల వయసు, పుట్టుకతోనే వెన్నెముక సరిగా మూసుకోని జబ్బు. నడవగలిగే స్థితి కాదు. వేటాడి, ఏరుకుని తిని, తిరుగుతూ బతికే జనం ఆ పిల్లవాణ్ణి పదిహేనేళ్లు మోశారు, తినిపించారు, పుండ్లు కడిగారు. ఆదిమ మనుషులు బలహీనుల్ని వదిలేసేవాళ్లని ఎవరైనా అంటే, ఈ పిల్లవాడి సంగతి చెప్పండి.

వస్తువుల గురించి గబగబా చెబుతాను. రష్యాలో ఉరల్ కొండల దగ్గర 1890లో దొరికిన షిగిర్ కొయ్య విగ్రహం వయసు పదకొండు వేల ఏళ్ల పైమాటే. చెట్టు మొద్దు మీద చెక్కిన ముఖాలు, గీతలు. ఈజిప్టు పిరమిడ్ల కంటే రెండింతలకు పైగా పాతది. ఐర్లాండ్‌లో పీట్ నుంచి వెన్న ముద్దలు తరచుగా దొరుకుతాయి, కొయ్య తొట్లలో పెట్టినవి. కొవ్వులోని కార్బన్ పరీక్ష చేసి పాల వెన్నే అని తేల్చారు, కంచుయుగం నుంచి మొదలుపెట్టి మూడున్నర వేల ఏళ్లు ఆ అలవాటు సాగింది. చల్లగా దాచుకున్నారా, దేవుడికి ఇచ్చారా, రెండూనా, చర్చ సాగుతోంది.

ఇంగ్లాండ్‌లోని సోమర్‌సెట్‌లో స్వీట్ ట్రాక్ అని ఒక కొయ్య బాట ఉంది. 1970లో దొరికింది. రెండు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఊబి మీద కర్రలు ఏటవాలుగా పాతి, వాటి మధ్య పలకలు పరిచారు. చెట్టు వలయాలు లెక్కపెట్టి, ఆ చెట్లు కొట్టింది క్రీ.పూ. 3807–3806 చలికాలంలో అని చెప్పగలిగారు. శతాబ్దం కాదు, ఏడాది! బాట పక్కన పచ్చటి రాతి గొడ్డలి ఒకటి, ఆల్ప్స్ కొండల రాయి, ఒక్కసారి కూడా వాడని పదును. ఇంకోచోట ఒక కుండ పగిలి పడి ఉంది, అందులో హేజెల్ కాయలు. చేతిలోంచి జారిపడిందో ఏమో.

ఇప్పుడు నాకు బాగా ముఖ్యమైన ఒక చోటు గురించి. ఇంగ్లాండ్ యార్క్‌షైర్‌లో స్టార్ కార్. పదకొండు వేల ఏళ్ల కిందట ఒక చెరువు గట్టున వేటగాళ్లు ఇళ్లు కట్టుకుని, మళ్లీ మళ్లీ అక్కడికే వస్తూ బతికిన చోటు. 1949–51లో గ్రాహమ్ క్లార్క్ తవ్వినప్పుడు దుప్పి పుర్రెలను కొమ్ములతో సహా చెక్కి, తొలిచి, నెత్తిన పెట్టుకునేలా చేసిన తలపాగాలు 21 దొరికాయి. ఎముకలు గట్టిగా, చెక్కు చెదరకుండా వచ్చాయి. ఈ శతాబ్దంలో నికీ మిల్నర్ బృందం అదే చోట మళ్లీ తవ్వితే ఎముకలు చేతిలో మెత్తగా వంగాయి. కారణం, చుట్టుపక్కల పొలాలకు నీళ్లు తీసేసే కాలువలు తవ్వారు. నీటి మట్టం పడిపోయింది, గాలి లోపలికి దిగింది. మట్టిలోని గంధకపు ఖనిజాలు గాలితో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారాయి. పదకొండు వేల ఏళ్లు చెక్కుచెదరనివి అరవై ఏళ్లలో పాడయ్యాయి. 2013–15లో మిగిలింది కాపాడుకోవడానికి పెద్ద తవ్వకం హడావుడిగా చేయాల్సి వచ్చింది.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ప్రశ్నలు ఉంటే అడగండి.

[సభలోంచి: సార్, మన తెలుగు నేల మీద ఇలాంటివి దొరికే అవకాశం ఉందా?]

శరీరాలైతే ఆశ లేదమ్మా. మన ఎండకు, ఏటా తడిసి ఎండే నేలకు ఆ నాచు ఇంత మందంగా పేరుకోదు. టోలుండ్ మనిషి కాలంలోనే తెలంగాణలో మనవాళ్లు రాక్షస గుళ్లు కట్టారు. వాటిలో ఇనుప కత్తులు, నలుపు ఎరుపు కుండలు, కొన్ని ఎముకలు దొరుకుతాయి. ఆ మనిషి ఆ రోజు ఏం తిన్నాడు, ఏ రంగు బట్ట కట్టాడు అన్నది దొరకదు. నీళ్లలో మునిగి నిలిచిన కొయ్య మాత్రం మన దేశంలోనూ ఉంది. కేరళలో పట్టణం అనే తవ్వకాల చోట 2007లో రెండు వేల ఏళ్ల నాటి ఆరు మీటర్ల పడవ దొరికింది. నీలగిరి కొండల్లో పీట్ పొరలు ఉన్నాయి. వాటిలోని కార్బన్ పరీక్షించి ఇరవై వేల ఏళ్ల రుతుపవనాలు ఎలా హెచ్చాయో తగ్గాయో చదివారు మనవాళ్లు. కాబట్టి చెరువులు, ఉప్పుటేర్లు పూడిక తీసేటప్పుడు కొయ్యముక్క కనబడితే పొయ్యిలో పెట్టకుండా ఎవరికైనా చూపించండి.

[మరొకరు: ఇంగ్లాండ్‌లో ఒక హంతకుడు దీనివల్ల పట్టుబడ్డాడని విన్నాం, నిజమేనా?]

నిజమే. 1983లో లిండోలో ఒక పుర్రె దొరికింది. దగ్గర్లో కాపురం ఉండి, ఇరవై ఏళ్ల కిందట భార్య మాయమైన మనిషిని పోలీసులు ప్రశ్నించారు. నేనే చంపి అక్కడ పూడ్చానని ఒప్పుకున్నాడు. తీరా పరీక్షిస్తే ఆ పుర్రె పదిహేడు వందల ఏళ్ల నాటిది. అతని ఒప్పుకోలు మీదే శిక్ష పడింది. భార్య శరీరం దొరకలేదు.

[ఇంకొకరు: డీఎన్‌ఏ పాడవుతుంది అన్నారు. అసలేమీ తెలియదా?]

ఎముక నిలిచిన చోట తెలుస్తుంది. డెన్మార్క్‌లో విట్రప్ అనే చోట 1915లో దొరికిన పుర్రె గురించి 2024లో వివరాలు వచ్చాయి. క్రీ.పూ. 3300–3100 కాలం. తల మీద కనీసం ఎనిమిది దెబ్బలు. అతను అక్కడివాడు కాదు. పుట్టింది ఉత్తరాన, నార్వే లేదా స్వీడన్ తీరాన, చేపలు పట్టి బతికే జనంలో. చిన్నప్పుడు సముద్రపు తిండి తిన్నాడు, పెరిగాక డెన్మార్క్ రైతుల తిండి తిన్నాడు. ఎక్కడివాడన్నది డీఎన్‌ఏలో, ఏం తిన్నాడన్నది పంటికీ ఎముకకూ మధ్య తేడాలో చదివారు. ఎందుకు వచ్చాడు, బందీగానా, వర్తకుడిగానా, అది మాత్రం పన్ను చెప్పదు.

[ఇంకొకరు: పీట్ తవ్వడం ఆపేస్తున్నారంటున్నారు. ఇక కొత్తవి దొరకవు కదండీ?]

తక్కువే దొరుకుతాయి. ఐర్లాండ్‌లో పీట్ తవ్వే ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా ఆ పని ఆపేస్తున్నట్టు 2021 జనవరిలో ప్రకటించింది. వాతావరణం కోసం ఆ నేలలను మళ్లీ నీళ్లతో నింపుతున్నారు. నాకు దాని మీద విచారం లేదు. చేతిపారతో తవ్వేవాడి కంట ముఖం పడుతుంది, ఆగుతాడు. యంత్రానికి కళ్లు లేవు. క్లోనీకవన్ మనిషి యంత్రంలోంచి వచ్చాడు, నడుము కింది భాగం పోయింది. పైగా తవ్వకపోయినంత మాత్రాన అవి అలాగే ఉంటాయని కాదు, నేల తడిగా ఉంటేనే ఉంటాయి. స్టార్ కార్‌లో ఎవరూ తవ్వని భాగమే పాడైంది. నీళ్లు తిరిగి వస్తే లోపల ఉన్నది భద్రం. ఇప్పటి పరీక్షలు 1950లో లేవు, రేపటి పరీక్షలు ఇప్పుడు లేవు. తొందరేం లేదు.

గ్రంథాలయం మూసే వేళయింది. ఇంకా అడగాలనుకునేవాళ్లు బయట వరండాలో ఉంటాను, రండి.